పెట్రా లోయలోకి దిగేముందు: నెత్తిమీది ఆకాశాన్ని నమ్మొద్దు

2025 మే మొదటివారంలో జోర్డాన్‌లో ఉన్నట్టుండి వరద వచ్చింది. కొండరాతిలో చెక్కిన పాత నగరం పెట్రా నుంచి దాదాపు 1,800 మంది యాత్రికులను బయటికి తీసుకొచ్చారు. ఆ దేశంలో అక్టోబరు నుంచి మే దాకా ఎప్పుడైనా ఇలా జరగొచ్చు. మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్లు పవిత్రభూమి యాత్రకి ఎండలు తగ్గాకే బయలుదేరతారు, అంటే సరిగ్గా ఆ నెలల్లోనే. నెబో కొండ, యొర్దాను రేవు, మృతసముద్రం చూపించాక పెట్రాకి ఒక రోజు ఇస్తారు. టోపీలూ చలువ కళ్లద్దాల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం.

పెట్రాలోకి దారి ‘సిక్’ అనే చీలిక. పొడవు 1.2 కిలోమీటర్లు. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లే. రెండు పక్కలా రాతిగోడలు 80 మీటర్ల దాకా లేస్తాయి. తలెత్తితే ఆకాశం చీర అంచంత కనిపిస్తుంది. ఆ అంచు నీలంగా ఉందని ధీమాగా నడవడమే ప్రాణాలు తీసే తప్పు.

కాశీనగర్‌లో చినుకు లేకపోయినా లాంజిగఢ్ కొండల్లో దంచికొడితే వంశధార పొంగుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైన మబ్బు పడితే గెడ్డ దాటకుండా ఆగుతాం. విమానం ఎక్కగానే ఆ తెలివి ఇంట్లో వదిలేస్తాం. పైగా మన కొండల మీద అడవీ మట్టీ కొంత నీటిని తాగుతాయి. అక్కడ ఉన్నది నున్నటి బండ, గట్టిపడ్డ నేల. పడ్డ నీరు పడ్డట్టే కిందికి దిగుతుంది, రాళ్లనీ బురదనీ వెంటేసుకుని.

అమెరికాలో యాంటిలోప్ కాన్యన్ అనే ఇలాంటి చీలికలోనే 1997 ఆగస్టు 12న 11 మంది యాత్రికులు చనిపోయారు. అసలు వాన పడింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో ఎగువన. పెట్రాలోనే 1963 ఏప్రిల్‌లో ఇరవైమందికి పైగా ఫ్రెంచి యాత్రికులు వరదకి బలయ్యారు. ఆ తరవాతే సిక్ మొదట్లో, పెట్రాని కట్టిన నబాతీయుల పాతకట్ట ఉన్నచోట కొత్తది కట్టారు. వాదీ మూసా వాగు నీటిని అది పక్కనున్న సొరంగంలోకి మళ్లిస్తుంది. కట్ట ఉందిగా అనుకోవద్దు. పక్క చీలికల నీళ్లు దాన్ని దాటాకే సిక్‌లో కలుస్తాయి. 2018 నవంబరులో, సిక్ దాటగానే కనిపించే ‘ఖజానా’ అనే రాతి కట్టడం ముందే నీళ్లు పారాయి.

అందుకని పొద్దున్నే అడగాల్సింది ‘ఇక్కడ వాన ఉందా’ అని కాదు. ‘తూర్పున, వాదీ మూసా పైకొండల్లో ఉందా’ అని. హోటల్లో అడగండి, టికెట్టు కౌంటర్లో అడగండి, లైసెన్సున్న స్థానిక గైడునీ అడగండి. ఊరినుంచి వెంటవచ్చిన గ్రూపు లీడరు ఎంత మంచివాడైనా ఆ లోయ అతనికి తెలీదు. ‘డబ్బు కట్టేశాం, చూసే వెళ్దాం’ అని గైడు మీద ఒత్తిడి తేవద్దు. ఈ మాట అనేవాడు ప్రతి బస్సులోనూ ఒకడుంటాడు.

నడుస్తూనే ఎక్కడానికి వీలైన మెట్లు, అరుగులు గుర్తుపెట్టుకోండి. సిక్‌లో అవి తక్కువ. చల్లగాలి ఒక్కసారిగా కొట్టినా, కాళ్లకింద బురదనీరు కనిపించినా, లారీలు వస్తున్నట్టు మోత వినిపించినా, ఎవరైనా ‘సైల్’ అని అరిచినా అర్థం ఒకటే: వరద. సైరన్ కోసం చూడొద్దు. నీటికి ముందు పరిగెత్తొద్దు, నీరే గెలుస్తుంది. దగ్గర్లో ఏది ఎత్తుగా ఉంటే దానిమీదికి ఎక్కండి. ఖజానా దాటేసి ఉంటే సమాధుల మెట్లెక్కి అక్కడే ఉండండి. బస్సు అవతల ఉందని తిరిగి సిక్‌లోకి దూరడం రెండో పెద్ద తప్పు. లోపలినుంచి ఉమ్మ్ సైహూన్ ఊరివైపు వేరే దారి ఉంది. ఎటు వెళ్లాలో పోలీసులు చెబుతారు.

వరద లేని రోజున పెద్దవాళ్లని దెబ్బతీసేది తిరుగుదారి. గేటు నుంచి ఖజానా దాకా రెండు కిలోమీటర్లు పల్లం, హాయిగా ఉంటుంది. వచ్చేటప్పుడు అదంతా ఎగువే. ఇంకా లోపల, కొండమీదున్న ‘మఠం’ అనే కట్టడం దాకా ఎక్కాలంటే ఎనిమిది వందలకి పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఖజానా చూసి వెనక్కి రండి, సిగ్గుపడక్కర్లేదు. గుర్రం ‘టికెట్లోనే ఉంది’ అంటారు, దిగాక బక్షీసు అడుగుతారు. ముందే మాట్లాడుకోండి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు. బీపీ, షుగరు మందులు బస్సులో కాదు, ఒంటిమీది సంచీలో. హవాయి చెప్పులు వద్దు. మెట్ల మీద గాడిద ఎక్కొద్దు, అంచుకే నడుస్తుంది. ఫోటో కోసం బండ అంచుకి పోవద్దు. ఇసుకరాయి పొడిపొడిగా రాలుతుంది. గైడు లేకుండా పక్క చీలికల్లోకి దూరొద్దు. పారే నీటిని దాటొద్దు. చీలమండ మునిగే లోతు చాలు, జోరుంటే కాలు లాగేస్తుంది. వరదొస్తే సంచీ వదిలేయండి, పాస్‌పోర్టు మెడలో ఉండాలి. జోర్డాన్‌లో అత్యవసర నంబరు 911, ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. సిక్‌లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. తల లెక్క చూడకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. మధ్యాహ్నం తిరిగొచ్చేముందు గైడుని మళ్లీ అడగండి: పైన వాన పడుతోందా? ఇక్కడ కాదు, పైన.