డయాలసిస్ పాఠాలు – 5: మంచం మీద బీపీ పడిపోకుండా

గత పాఠంలో ఇచ్చిన పని చేశారా? పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు ఫిస్టులా (డయాలసిస్ సూదులు పెట్టడానికి సర్జన్ చేతిలో ధమనినీ సిరనూ కలిపిన చోటు) మీద మూడు వేళ్లు ఆనించి ఆ జివ్వుమనే కదలికను గమనించమన్నాను. ఆ చేతిని చెవి దగ్గర పెట్టుకుని లోపలి హోరు వినమన్నాను. వారం రోజులు మానకుండా చేసినవాళ్లకు ఈపాటికి తమ ఫిస్టులా మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిపోయి ఉంటుంది. అది తెలిస్తేనే మార్పు తెలుస్తుంది. జివ్వుమనడం తగ్గి, వేలి కింద గట్టిగా ఎగిరెగిరి కొట్టుకోవడం మొదలైందంటే పైన ఎక్కడో నరం ఇరుకైందేమోనని అనుమానించాలి. చేతిని తల కంటే పైకి ఎత్తి చూడండి. ఉబ్బిన నరం మెత్తబడి లోపలికి అణగాలి. ఎత్తినా బిగిసే ఉంటే తర్వాతి డయాలసిస్ రోజున డాక్టరుకు చూపించండి. కదలిక అసలే లేకపోతే మాత్రం ఆ రోజు దాకా ఆగకూడదు. అదే రోజు, గంటల్లోనే ఫిస్టులా వేసిన సర్జన్‌కు కబురు అందాలి. ఆ నంబరు ఇంట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలని మొదటి పాఠంలోనే చెప్పాను.

ఇక ఈ పాఠం. ఫిస్టులా సంగతి ఒక కాగితంలో, బీపీ సంగతి ఇంకో కాగితంలో అచ్చువేసి ఇస్తుంటారు. ఆ విభజన నాకు నచ్చదు. ఫిస్టులాలో రక్తం పరుగెత్తేది మీ బీపీ తోసిన తోపుతోనే. పై బీపీ 80కి, 70కి దిగిపోయి కాసేపు అక్కడే ఉంటే ఆ పరుగు మందగిస్తుంది. అప్పటికే కాస్త ఇరుకైన చోట రక్తం గడ్డకట్టే వీలు చిక్కుతుంది. యంత్రం మీద కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ఆ రాత్రి ఫిస్టులాను మరీ జాగ్రత్తగా చూసుకోవాలనేది అందుకే.

మూడు లీటర్లు ఎక్కడివి?

పర్లాకిమిడిలో ఒక పిన్నిగారిని ఊహించుకుందాం. డ్రై వెయిట్ 52 కిలోలు. అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. డయాలసిస్‌కు వచ్చేసరికి 55 తూగారు. రెండు మూడు రోజుల్లో కండ పెరగదు కాబట్టి ఆ మూడు కిలోలూ నీరే, మూడు లీటర్లు. ఆ శరీరంలో మొత్తం రక్తమే నాలుగు లీటర్లకు లోపు ఉంటుంది. అందులోంచి మూడు లీటర్ల నీరు ఎలా తీస్తారు?

వంశధారలో ఎండాకాలం చెలమ తవ్విన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గ్లాసుతో నెమ్మదిగా తోడుకుంటే ఇసుకలోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. బకెట్టుతో గబగబా తోడితే అడుగు కనిపిస్తుంది. చుట్టూ ఇసుకలో నీరు లేక కాదు, ఊరడానికి వ్యవధి ఇవ్వక. యంత్రం నీరు తీసేది రక్తం నుంచే. కాళ్ల వాపులో, కండల మధ్య నిలిచిన నీరు ఆ ఖాళీలోకి ఊరి రావాలి. ఊరే వేగం కంటే తీసే వేగం ఎక్కువైతే నాళాల్లో రక్తం తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. కాళ్లు వాచి ఉన్న మనిషికి కూడా బీపీ పడిపోవడం చూసి ఇంటివాళ్లు ఆశ్చర్యపోతుంటారు. వింత ఏమీ లేదు, సంగతి ఇదే.

అందుకని వేగాన్ని లెక్క కట్టడం నేర్చుకోండి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. ఐదో తరగతి లెక్కలు వస్తే చాలు.

పెరిగిన బరువు 3 లీటర్లు. చివర్లో గొట్టాల్లో ఉన్న రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపడానికి సెలైన్ వాడతారు. అది సుమారు 300 మిల్లీలీటర్లు, దాన్నీ కలుపుకోవాలి. మొత్తం 3,300. నాలుగు గంటలతో భాగిస్తే గంటకు 825. దాన్ని డ్రై వెయిట్ 52తో భాగిస్తే దాదాపు 16. అంటే కిలో బరువుకు గంటకు 16 మిల్లీలీటర్లు తీస్తున్నారన్నమాట. ఈ అంకె 13 దాటకుండా చూడాలని కిడ్నీ డాక్టర్లు సాధారణంగా చెబుతారు. అది దాటిన కొద్దీ బీపీ పడిపోవడమే కాదు, గుండె మీద కూడా భారం పెరుగుతుంది. అదే పిన్నిగారు రెండు కిలోలే పెరిగి వస్తే 2,300ను నాలుగుతో, తర్వాత 52తో భాగించండి. 11 వస్తుంది. హాయిగా గడిచిపోతుంది.

ఇప్పుడు బస్సు సంగతి. కాశీనగర్, గుణుపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం బండి తప్పిపోతుందని అరగంట ముందే ఆపమని టెక్నీషియన్‌ను బతిమాలుతుంటారు. పాతపట్నం నుంచి ఆటోలో వచ్చేవాళ్లదీ ఇదే తొందర. 3,300ను మూడున్నర గంటల్లో తీస్తే అంకె 18కి ఎక్కుతుంది. బస్సు దొరుకుతుంది, కానీ బస్సులో వాంతి, రాత్రంతా పిక్కలు పట్టేయడం తప్పవు. తొందరగా వెళ్లాల్సిన రోజున ముందే చెప్పండి. కాలం తగ్గితే తీసే నీరు కూడా తగ్గించి, మిగిలినదాన్ని ఇంకో రోజు తీయడం కుదురుతుందేమో డాక్టరును అడగండి. మీ అంతట మీరు ఏ అంకెనూ మార్చమనకూడదు. కానీ మంచం ఎక్కే ముందు మీ అంకె మీకు తెలిసి ఉండాలి. తెలిసి అడిగే మనిషికి జవాబు తప్పక వస్తుంది.

దాహం ఎక్కడ పుడుతుంది?

“నీళ్లు తగ్గించండి” అని ఊరికే చెప్పి పంపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఉప్పు తిన్న మనిషికి దాహం వేస్తుంది, తాగకుండా ఉండమనడం హింస. దాదాపు 8 గ్రాముల ఉప్పు, అంటే సుమారు చెంచాన్నర, ఒంట్లో ఒక లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటనివ్వకపోతే దాహం దానంతట అదే దారికి వస్తుంది.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ప్రాంతంలో దీనికి రెండు పెద్ద అడ్డంకులు. ఒకటి బరంపురం. పచ్చళ్లకూ అప్పడాలకూ పేరున్న ఊరు, చుట్టాలు వస్తే అవే పట్టుకొస్తారు. పచ్చడిలో ఉప్పు సంగతి అందరికీ తెలుసు. అప్పడంలో ఉప్పుతో పాటు పిండిలో వేసే ఖారం (అప్పడాల సోడా) కూడా సోడియమేనని చాలామందికి తెలియదు. రెండోది పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నం. ఎండాకాలంలో మన తెలుగు ఇళ్లలోనూ చద్దన్నంతో సమానంగా నడుస్తుంది. అన్నం కంచంలో కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ నీళ్ల లెక్కలో వేయరు. ఒకసారి ఇలా చేసి చూడండి. మీరు మామూలుగా తినేంత పఖాళను జల్లెడ గిన్నెలో వంచి, కిందికి దిగిన తొరాణిని (ఆ అన్నం నీళ్లను) స్టీలు గ్లాసులో పోసి కొలవండి. అది ఎన్ని గ్లాసులైతే అన్ని గ్లాసుల నీళ్లు తాగినట్టే. అన్నం మెతుకులు పీల్చుకున్న నీరు దానికి అదనం. పక్కన నంజుకునే ఎండుచేప, బడి చూరా (వడియాల పొడి), తొరాణిలో వేసిన చిటికెడు ఉప్పు కలిస్తే దాహానికీ నీటికీ ఒకేసారి తలుపు తీసినట్టవుతుంది. రాగి అంబలి లెక్కా అంతే.

మానేయమని అనడం లేదు. తొరాణి వంచేసి, ఉప్పు లేకుండా, కాస్త నిమ్మరసం, వేయించిన జీలకర్ర, కరివేపాకుతో తినేవాళ్లు ఉన్నారు, బాగానే ఉంటుంది. సోడియం తక్కువని అంగడిలో అమ్మే ఉప్పు మాత్రం కొనవద్దు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మనిషికి అది మరీ ప్రమాదం. ఉద్దానం వైపు నుంచి ఎవరైనా అభిమానంగా కొబ్బరిబొండం కొట్టి చేతికిస్తే దండం పెట్టి వద్దనండి. అందులోనూ నీరు, పొటాషియం రెండూ ఉన్నాయి.

యంత్రం మీద ఉన్నప్పుడు

బీపీ పడిపోయే ముందు శరీరం కబురు పంపుతుంది. వరుసగా ఆవులింతలు, ఉన్నట్టుండి చెమట, చెవులు మూసుకుపోయినట్టుండడం, కడుపులో తిప్పడం, పిక్క పట్టేయడం, కారణం లేని చిరాకు. ఎవరికి ఏది ముందు వస్తుందో వాళ్లకే తెలియాలి. ఒకరికి ఆవులింత వస్తే ఇంకొకరికి కడుపులో తిప్పుతుంది. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఏ సూచనా లేకుండానే పడిపోవచ్చు. వాళ్లకు బీపీ మరింత తరచుగా చూడమని అడగాలి.

సూచన కనిపించగానే చెప్పాలి. “ఇంకాసేపు చూద్దాం” అని మొహమాటపడేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఒడియా ధారాళంగా మాట్లాడేవాళ్లకు కూడా కళ్లు బైర్లు కమ్మేటప్పుడు ఏ భాషా నోట రాదు. అందుకని సూదులు పెట్టే ముందే సిస్టరుతో ఒక సైగ ఒప్పందం చేసుకోండి. సూదులు లేని చేతిని పైకి ఎత్తితే బీపీ చూడాలని అర్థం. అప్పుడు వాళ్లు నీరు తీయడం ఆపుతారు లేదా తగ్గిస్తారు, తల వైపు దించి కాళ్లు ఎత్తుతారు, అవసరమైతే 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్ ఇస్తారు. సాధారణంగా నిమిషాల్లో తేరుకుంటారు.

బీపీ పట్టీ ఎప్పుడూ రెండో చేతికే. రద్దీలో కొత్తగా వచ్చినవాళ్లు ఫిస్టులా చేతికి చుట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తిండి సంగతి. నాలుగు గంటలు ఆకలితో ఉండలేమని మంచం మీదే బరా ఘుగుని (గారెలు, బఠాణీ కూర), ఉప్మా విప్పుతారు. కడుపు నిండగానే రక్తం పేగుల వైపు మళ్లుతుంది, అదే సమయంలో యంత్రం నీరు తీస్తుంటుంది. బీపీ పడిపోయే అలవాటున్నవాళ్లు రెండు గంటల ముందే తినేసి రావడం మేలు. లేదా దిగాక తినాలి.

బీపీ మాత్రల విషయంలో ఊహాగానాలు వద్దు. కొన్ని మాత్రలు, ఉదాహరణకు అటెనలాల్, డయాలసిస్‌లో చాలావరకు కొట్టుకుపోతాయి. ఆమ్లోడిపిన్ లాంటివి ఒంట్లోనే ఉంటాయి. పొద్దున ఏది వేసుకోవాలి, ఏది దిగాక వేసుకోవాలి అని డాక్టరుతో పేరుపేరునా కాగితం మీద రాయించుకోండి. పక్క మంచం ఆయన మానేశాడని మీరు మానేయవద్దు.

తరచూ పడిపోయేవాళ్లకు డయాలసిస్ ద్రవం వేడిని 37 నుంచి 36కో, 35.5కో తగ్గిస్తారు. నాళాలు కొంచెం ముడుచుకుని బీపీ నిలుస్తుంది. చలి వేస్తుంది, ముఖ్యంగా రాయగడ, కోరాపుట్ చలికాలంలో. దుప్పటి తెచ్చుకోండి కానీ సూదులున్న చేతిని మాత్రం కప్పవద్దు. దుప్పటి కింద సూది ఊడితే యంత్రం నిమిషానికి పావు లీటరు వేగంతో రక్తాన్ని పరుపు మీదికి పోస్తూనే ఉంటుంది. అలారం మోగుతుందన్న భరోసా లేదు. కంటికి కనబడడమే రక్ష.

దిగాక

సూది తీశాక అదిమేది రెండు వేళ్లతో, పది పదిహేను నిమిషాలు, మధ్యలో తీసి తీసి చూడకుండా. రక్తం ఆగేంత గట్టిగా అదమాలి, కానీ పైనా కిందా జివ్వుమనడం తెలుస్తూనే ఉండాలి. బీపీ తక్కువగా ఉన్న రోజున బలమంతా పెట్టి నొక్కితే ఫిస్టులా అక్కడే మూతపడవచ్చు. ఎప్పుడూ పది నిమిషాల్లో ఆగే రక్తం వరుసగా రెండు మూడు సార్లు అరగంట పట్టిందంటే అదీ ఇరుకుకు సూచనే, చెప్పాలి. బిగుతుగా కట్టిన పట్టీ అలాగే ఉంచుకుని నిద్రపోవద్దు, ఎప్పుడు విప్పాలో అడిగి వెళ్లండి. ఆ చేతికి బిగుతు గాజులు, గడియారం, కూరగాయల సంచి వద్దు.

ఇంటి దగ్గర సూది చోటు నుంచి రక్తం చిమ్మితే చుట్టూ తువ్వాలు చుట్టడం పనికిరాదు. తువ్వాలు రక్తం పీల్చుకుంటుందే తప్ప ఆపదు. కారే చోటనే వేలితో గట్టిగా అదిమి, చెయ్యి పైకి ఎత్తి, 108కి ఫోను చేయించండి. సరిహద్దుకు ఇటైనా అటైనా నంబరు అదే.

బీపీ పడిపోయిన రోజు ఇంకొక్క పని. మంచం దిగే ముందు ఐదు నిమిషాలు కూర్చోండి, తర్వాత నిలబడి బీపీ చూపించుకోండి. ఫిస్టులా మీద చెయ్యి వేసి జివ్వుమనడం చూసుకున్నాకే బయలుదేరండి. ఇంటికి చేరాక ఒకసారి, పడుకోబోయే ముందు మరోసారి చూడండి.

వచ్చే పాఠానికి పని: ఒక చిన్న నోటుపుస్తకంలో వచ్చే నాలుగు డయాలసిస్‌లకు తేదీ, ఎక్కేటప్పటి బరువు, దిగేటప్పటి బరువు, పట్టిన గంటలు, మీరు లెక్కకట్టిన అంకె, అన్నిటికంటే తక్కువ బీపీ రాయండి. పక్కనే ముందు రోజు రాత్రి ఏం తిన్నారో ఒక్క ముక్క. కొందరికి బీపీ పడిపోవడానికి బదులు యంత్రం మీదే పెరుగుతుంది, తలనొప్పితో దిగుతారు. ఆ సంగతి ఆరో పాఠంలో. అప్పుడు ఈ పుస్తకం ముందు పెట్టుకోవాలి.