ఎండకు ఒకటి, చలికి ఒకటి: రెండు పర్ఫ్యూమ్‌లను పోల్చి చూడటం ఎలా

షాపులో పేపర్ ముక్క మీద కొట్టించుకుని, ఒక్కసారి పీల్చి పర్ఫ్యూమ్ కొనేయకండి. ఎవరైనా ఎందుకని అడిగితే నేను డియోర్ వాళ్ల ‘ఓ సోవాజ్’నీ, గెర్లాన్ వాళ్ల ‘షాలిమార్’నీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. షాలిమార్ 1925లో వచ్చింది, ఓ సోవాజ్ 1966లో. రెండూ బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు వాసనతోనే మొదలవుతాయి. మొదటి ఐదు నిమిషాల్లోనే తేల్చేస్తే ఈ రెండింటి మధ్య ఉన్న అసలు దూరం తెలియదు.

పోల్చే రోజు వేరే సెంటు గానీ, వాసన ఉన్న లోషన్ గానీ రాసుకోవద్దు. ఒక మణికట్టు మీద ఇది, రెండో దాని మీద అది, ఒక్కో స్ప్రే చాలు. రుద్దకుండా ఆరనివ్వండి. రెండూ ఒకే గాఢతలో ఉండాలి. పల్చగా ఉండే ‘ఓ ద తోయలెత్’ రకాన్ని చిక్కగా ఉండే ‘ఓ ద పార్ఫమ్’ రకంతో పోలిస్తే, నూనెలు ఎక్కువున్న రెండోదే గెలిచినట్టు అనిపిస్తుంది.

అరగంట తర్వాత మళ్లీ చూడండి. ఓ సోవాజ్‌లో నిమ్మ పులుపు తగ్గి రోజ్‌మెరీ ఆకు ఘాటు బయటికొస్తుంది. దాని వెనకే తేలికగా, కాస్త తడిగా మల్లె లాంటి గాలి. అది హెడియోన్ అనే పదార్థం పని. పర్ఫ్యూమ్‌లలో దాని సత్తా ఏమిటో అందరికీ చూపించింది ఈ సీసానే. చివరికి వట్టివేరు, చెట్టు నాచు పొడిగా మిగులుతాయి. షాలిమార్ చెయ్యి ఈలోగా పూర్తిగా మారిపోయి ఉంటుంది: వెనిలా, దాని కింద సాంబ్రాణి పొగ లాంటి చేదు, కొంచెం తోలు వాసన. రాత్రి దాకా వదలదు. నాకు ఆ చేదే ఇష్టం, అది లేకపోతే ఉత్త తీపి అయిపోయేది.

ఇదే పరీక్ష ఒకసారి ఎండలో, ఒకసారి చల్లని సాయంత్రం చేయాలి. వేడికి వాసన త్వరగా ఆవిరై దూరం వరకూ పాకుతుంది. అందుకే ఎండలో షాలిమార్ పక్కవాళ్లకు బరువనిపిస్తుంది, ఓ సోవాజ్ హాయిగా ఉంటుంది. చలిలో ఓ సోవాజ్ వాసన దాదాపు తెలియదు, షాలిమార్ ఒంటికి దగ్గరగా నిలుస్తుంది.

ఆఫీసు, ఇంటర్వ్యూ, లిఫ్టు, బస్సు ప్రయాణం: వీటికి ఓ సోవాజ్, అదీ రెండు స్ప్రేలు మించకుండా. రాత్రి విందు, పెళ్లి, చలికాలం సినిమా: షాలిమార్, బయల్దేరడానికి అరగంట ముందు. డబ్బా మీద మగవాళ్లకా ఆడవాళ్లకా అన్నది పట్టించుకోకండి. మీ చర్మం మీద బాగుంటే అది మీదే.

ఒక్కటే కొనగలిగితే మీ రోజులో ఎక్కువ గంటలు ఎక్కడ గడుస్తాయో దానికి తగ్గది కొనండి. ఆసుపత్రికి ఎవరినైనా చూడ్డానికి వెళ్లేటప్పుడు మాత్రం రెండూ వద్దు.