గల్ఫ్ ఉద్యోగానికి కాగితాల తయారీ – 4వ పాఠం: ఇంటిపేరు ఏ గడిలో?

ఈసారి సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అవి అసలైనవేనని ప్రభుత్వం వేసే ముద్ర) గురించి చెప్తానన్నాను. దాన్ని చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను, ఏమీ అనుకోకండి. పోయిన పాఠంలో ఒక్క వాక్యం రాసి వదిలేశాను: "ఏ ఫారమైనా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపండి." ఇందులో విడమరిచి చెప్పడానికేముంది అనుకున్నా. మీరు నింపి పంపిన ఫారాలు చూశాక తెలిసింది, చాలా ఉందని. ఒక తమ్ముడైతే ఒకే ఫారంలో తన పేరు మూడు రకాలుగా రాశాడు. తప్పు అతనిది కాదు, నాది.

మనం పేరు ఎలా రాస్తాం? ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. బడి రిజిస్టరులో, పెళ్లికార్డులో అంతే. ఒక మనిషి ఉన్నాడనుకుందాం. ఇంటిపేరు గడ్డం, పెట్టిన పేరు రవి కుమార్. రాసేది గడ్డం రవి కుమార్ అని. ఆన్‌లైన్ ఫారం 'ఫస్ట్ నేమ్' అడుగుతుంది. ముందున్నది గడ్డం కాబట్టి అది కొడతాడు. 'లాస్ట్ నేమ్' అంటే చివరిది, కుమార్. నడుమ మిగిలిన రవి 'మిడిల్ నేమ్'. వరస చూస్తే మూడు గడులూ చక్కగా సరిపోయాయి. మూడూ తప్పే.

ఫస్ట్, లాస్ట్ అనే మాటలు ఇంటిపేరు చివర రాసుకునేవాళ్లవి. మన వరసకు అవి పనికిరావు. అందుకని ఫస్ట్ నేమ్ అని కనబడితే "నాకు పెట్టిన పేరు" అని చదవండి. లాస్ట్ నేమ్, ఫ్యామిలీ నేమ్, సర్‌నేమ్ అని ఏది కనబడినా "ఇంటిపేరు" అని చదవండి. మిడిల్ నేమ్ గడి ఖాళీగా వదిలేయండి. దాన్ని నింపి తీరాలన్న పట్టుదల మనవాళ్లకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రవి కుమార్ రెండు మాటలైనా ఒకటే పేరు, రెండూ ఒకే గడిలో ఉండాలి.

అయితే ఇక్కడే ఇంకో మెలిక. మీ పాస్‌పోర్టులోనే తప్పు పడి, సర్‌నేమ్ దగ్గర కుమార్ అని ఉంటే? అప్పుడు విదేశీ కాగితాలన్నిటికీ మీ ఇంటిపేరు కుమారే. "మా ఇంటిపేరు గడ్డం కదన్నా" అని నాతో వాదించి లాభం లేదు. పాస్‌పోర్టు మార్పించుకునేదాకా దానిదే చివరి మాట.

పాస్‌పోర్టు ఏమంటోందో తెలుసుకోవడానికి నేను పైన అచ్చైన గడులు చూడను. ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి కదా, ఎయిర్‌పోర్టులో మిషన్ చదివేది వాటినే. మొదటి వరసలో దేశం గుర్తు తర్వాత పేరు మొదలవుతుంది. ముందు ఇంటిపేరు, తర్వాత రెండు బాణాలు, ఆ తర్వాత పెట్టిన పేరు. పెట్టిన పేరులో మాటల మధ్య ఒక్కటే బాణం. మన రవి కుమార్‌ది ఇలా ఉండాలి: గడ్డం<<రవి<కుమార్. జంట బాణాలకు ఎడమ వైపుది లాస్ట్ నేమ్, కుడి వైపుది ఫస్ట్ నేమ్. ఒక్క జాగ్రత్త: ఆ వరసలో మొత్తం 44 స్థానాలే, మొదటి అయిదూ పోతే పేరుకు మిగిలేది 39. వెంకట, సత్య, నారాయణ అన్నీ కలిపి పెట్టుకున్న గోదావరి జిల్లాల పేర్లు అందులో పట్టక చివర తెగిపోతాయి. అలాంటివాళ్లు స్పెల్లింగ్ మాత్రం పై గడుల్లోంచే తీసుకోండి.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి, నేనూ మీలో ఒకణ్నే. షార్జా వెళ్లినప్పుడు నా పాస్‌పోర్టులో అది ఖాళీ. కంపెనీలో కాగితాలు చూసే ఆయన, ఖాళీ ఎందుకులే అని మా నాన్న పేరు తెచ్చి అందులో పెట్టాడు. లేబర్ కార్డు ఒక పేరుతో, బ్యాంకు ఖాతా ఇంకో పేరుతో వచ్చాయి. రెండు నెలలు జీతం ఖాతాలో పడలేదు. రూమ్‌మేట్ల దగ్గర అప్పు చేసి తిన్నాను. ఇక ఆఫీసులో ఉన్న నాలుగేళ్లూ నన్ను నాన్న పేరుతోనే పిలిచారు. పలకడం కూడా అలవాటైపోయింది.

2022 నవంబరులో యూఏఈ ఇంకా గట్టిగా పట్టుకుంది. పాస్‌పోర్టులో పేరు మొత్తం ఒకే మాటగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని విమానసంస్థలకు చెప్పింది. కొద్ది రోజుల్లోనే, పాస్‌పోర్టులో తండ్రి పేరో ఇంటిపేరో ఇంకో పేజీలో ఉంటే చాలని సడలించింది. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నా పెట్టిన పేరు గడిలో రెండు మూడు మాటలు ఉన్నవాళ్లకు ఆ రూలుతో ఇబ్బంది లేదు. అయినా నా మాట వింటే ఖాళీ గడి నింపించుకునే బయలుదేరండి.

ఎలాగంటే, పాస్‌పోర్టు సేవా సైట్‌లో రీఇష్యూకి పెట్టుకోవాలి. 36 పేజీలదానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పదో తరగతి పాసై కూడా ఈసీఆర్ (ఉద్యోగానికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ముద్ర ఉన్నవాళ్లు అదే దరఖాస్తులో 'డిలీట్ ఈసీఆర్' కూడా టిక్ పెట్టి, మెమో చూపించండి. ఒకే ఖర్చుతో రెండు పనులు. అయితే కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు మీద వీసా వచ్చాక దీన్ని కదిలించారంటే కంపెనీవాళ్లతో మళ్లీ మొదటి నుంచీ చేయించుకోవాలి. కాబట్టి ఆఫర్ లెటర్ రాకముందే కానిచ్చేయండి.

ఇంకా ఇనీషియల్ సంగతి. డిగ్రీలో జి. రవి కుమార్, పాస్‌పోర్టులో గడ్డం రవి కుమార్. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ తీసుకుని దగ్గర పెట్టుకోండి. దాన్ని ఒప్పుకుంటారో లేదో ముందే కంపెనీవాళ్లను రాతపూర్వకంగా అడగండి. మెయిల్ చాలు, ఫోన్లో "పర్వాలేదు" అన్న మాట చాలదు.

నర్సింగ్ ఉద్యోగాలకు వెళ్తున్న చెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు, పెళ్లయింది కదా, భర్త ఇంటిపేరుకు మార్చాలా అని. అక్కర్లేదు. పెళ్లయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చి తీరాలన్న రూలు లేదు. మీ టెన్త్, నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్లు అన్నీ పుట్టింటి పేరుతో ఉన్నప్పుడు, పాస్‌పోర్టు ఒక్కటీ మారిస్తే మిగతావన్నీ మీకు ఎదురు తిరుగుతాయి. అత్తగారింట్లో ఎవరైనా ఏమైనా అంటే ఈ పేరా చూపించండి.

ఇక అటెస్టేషన్. రాష్ట్ర స్థాయి ముద్ర ముందు, కేంద్ర విదేశాంగ శాఖది తర్వాత. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు ఆ రెండో చోట అపోస్టిల్ (ఎంబసీ ముద్ర అక్కర్లేకుండా ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకునే ముద్ర) అడగాలి. సౌదీకి ఇది 2022 డిసెంబరు నుంచే మొదలైంది, అంతకుముందు వెళ్లొచ్చిన మీ బావ చెప్పే పద్ధతి పాతది. యూఏఈ, ఖతర్, కువైట్‌లకు అపోస్టిల్ కాదు, విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర ఉండాలి. ఒరిజినల్‌కు లామినేషన్ చేయించి ఉంటే దాని మీద ముద్ర పడదు. ఎలా విప్పించాలో వచ్చే పాఠంలో చెప్తాను, అంతవరకు మీరే పీకే పని పెట్టుకోకండి.

అభ్యాసం మర్చిపోయేవాణ్ని. ఇంట్లో ఉన్న మీ కాగితాలన్నీ మంచం మీద పరవండి. టెన్త్ మెమో, ఇంటర్, డిగ్రీ, ఆధార్, పాన్, ఓటరు కార్డు, బ్యాంకు పాసుబుక్, డ్రైవింగ్ లైసెన్స్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, పెళ్లి సర్టిఫికెట్. ఒక నోటుబుక్కులో ఒక్కోదాని ఎదురుగా మీ పేరు ఇంగ్లీషులో అక్షరం అక్షరం ఎక్కించండి. ఫోన్లో కాపీ పేస్టు చేయొద్దు, చేత్తో రాస్తేనే ఒక 'ఏ' తక్కువైందని కంటికి కనబడుతుంది. తర్వాత నాన్న పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ కూడా అలాగే. చివర మీ పేరుకు ఎన్ని రూపాలున్నాయో లెక్కేసి నాకు ఆ అంకె పంపండి. నాది ఏడు.