చవకైన షార్డొనే: వయసుతో వచ్చే మార్పును రుచి చూసి పట్టుకోవడం

భోజనంతో పాటు తాగడానికి కొనే షార్డొనే అనే తెల్ల వైన్ సీసాలు చాలావరకు కొన్న వారంలోనే ఖాళీ అవుతాయి. అందులో తప్పేమీ లేదు, వాటిని తయారు చేసేదే అందుకు. కానీ అదే వైన్‌ను ఆరు సీసాలు కొని, రెండేళ్లలో ఒక్కొక్కటే తెరుస్తూ పోతే, ఖరీదైన సీసా ఒక్కసారి తాగితే తెలియని సంగతులు తెలుస్తాయి. ఒక్క మాట ముందే గట్టిగా చెప్పాలి. దాచినంత మాత్రాన మామూలు వైన్ గొప్పదైపోదు. తాజా పండు వాసన తగ్గిపోతుంది, పులుపు మాత్రం దాదాపు అలాగే నిలుస్తుంది. పండు వెళ్లిపోయిన చోట ఏం వచ్చి చేరింది, లేదా ఏమీ చేరలేదా అన్నదే మనం చూడాల్సింది.

ఏ సీసా కొనాలి

షార్డొనే ద్రాక్షకు సొంత వాసన అంత గాఢంగా ఉండదు. పెరిగిన చోటి వేడి, తయారుచేసిన తీరు రెండూ రుచిలో తేలిగ్గా బయటపడతాయి. చల్లటి ప్రాంతాల్లో పండితే నిమ్మ, పచ్చి ఆపిల్ వాసనలు వస్తాయి. వేడి ప్రాంతాల్లో పీచ్, అనాస, పండిన మామిడి వాసనల వైపు వెళుతుంది, ఆల్కహాల్ కూడా పెరుగుతుంది. ఈ పరీక్షకు మొదటి రకమే మేలు. స్టీల్ ట్యాంకులో తయారై, ఆల్కహాల్ 12.5 నుంచి 13 శాతం ఉన్న సీసా తీసుకోండి. ఫ్రాన్స్‌లోని బర్గండీ దక్షిణ భాగం నుంచి వచ్చే మాకోన్-విలాజ్, ఉత్తరాన షాబ్లీ ప్రాంతపు పెటీ షాబ్లీ ఇందుకు మంచి నమూనాలు.

ఓక్ చెక్క వాసన బాగా కొట్టే చవక వైన్ మాత్రం వద్దు. చాలా సందర్భాల్లో ఆ వాసన పీపాలో పెట్టడం వల్ల కాక, ట్యాంకులో వేసిన ఓక్ చెక్కముక్కల వల్ల వస్తుంది. మొదటి నెలల్లో పండు దాన్ని కప్పి ఉంచుతుంది. పండు తగ్గేకొద్దీ వెనిలా, రంపపు పొట్టు, చేదు బయటపడతాయి. ఏడాదిన్నర దాచాక చెక్క నమిలినట్టు ఉందని బాధపడేది ఇలాంటి సీసాల విషయంలోనే.

ఆరు సీసాలూ ఒకే లాట్‌వి కావాలి. లేబుల్ మీదో గాజు మీదో చిన్న అక్షరాల్లో ఉండే లాట్ నంబర్ సరిచూసుకోండి. ద్రాక్ష కోసిన సంవత్సరం ఒకటే అయినా వేర్వేరు నెలల్లో సీసాల్లోకి ఎక్కిన వైన్ ఒకేలా ఉండదు. ఇంకొకటి: భూమధ్యరేఖకు దక్షిణాన ద్రాక్ష కోత ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య జరుగుతుంది, ఉత్తరాన ఆగస్టు చివర మొదలై అక్టోబర్ దాకా సాగుతుంది. అందువల్ల లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా దక్షిణాది వైన్‌కు దాదాపు ఆరు నెలల వయసు ఎక్కువ.

వీలైతే మరమూత (తిప్పి తీసే మూత) ఉన్నదే ఎంచుకోండి. సహజ కార్కులు అన్నీ ఒకే మోతాదులో గాలిని లోపలికి వదలవు. 1990ల నడుమ కాలపు బర్గండీ తెల్ల వైన్లలో, ఒకే పెట్టెలోని సీసాల్లో ఒకటి తాజాగా, పక్కది రంగు మారి చచ్చిపడినట్టుగా రావడం వాటిని దాచుకున్నవాళ్లను చాలా ఇబ్బంది పెట్టింది. కారణాలు ఒకటికి మించి ఉన్నా, కార్కు వాటిలో ఒకటి. వయసు వల్ల వచ్చిన తేడానో కార్కు వల్ల వచ్చినదో తేల్చుకోలేని పరీక్షతో లాభం లేదు.

దాచడం

చీకటి, నిలకడైన చల్లదనం, కదలిక లేకపోవడం. 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ ఉంటే బాగా సరిపోతుంది. అది కుదరకపోతే ఇంటి లోపలి గోడకు ఉన్న బీరువా అడుగు అర వాడుకోవచ్చు. వంటగది, ఫ్రిజ్ పైభాగం, కిటికీ పక్క వద్దు. 25 డిగ్రీలు దాటిన చోట మార్పు వేగం పెరగడమే కాదు, మార్పు తీరే మారుతుంది. ఉడికిన ఆపిల్ వాసన అక్కడే మొదలవుతుంది. కార్కు కొద్దిగా పైకి పొడుచుకొచ్చినా, మూత కింద బంక మరక కనిపించినా ఆ సీసా వేడి తిన్నదని గుర్తు. దాన్ని పరీక్షలోంచి తీసేసి వెంటనే తాగేయండి.

ఇల్లు వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టడమే నయం. అక్కడ వైన్ చాలా నెమ్మదిగా ముదురుతుంది కాబట్టి గడువులు పెంచుకోవాలి. అడుగున చక్కెర పలుకుల్లాంటి తెల్లటి స్ఫటికాలు కనబడితే భయపడకండి. అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలు, చలికి పేరుకున్నాయి అంతే.

తెరిచే వేళలు

ఊరు దాటి వచ్చిన సీసాలను రెండు వారాలు కదలకుండా ఉంచి మొదటిది తెరవండి. తర్వాత 6, 12, 18, 24 నెలలకు ఒక్కొక్కటి. ఆరోది కాపలా సీసా: వీటిలో ఏదైనా చెడిపోయి ఉంటే దాని బదులు తెరవడానికి.

ఆరు నెలల కిందటి రుచి ఎవరికీ కచ్చితంగా గుర్తుండదు. రాసుకున్నది కూడా సగమే సాయం చేస్తుంది. అందుకే 12 నెలల నుంచి ప్రతిసారీ అదే తయారీదారు తాజా సంవత్సరపు సీసా ఒకటి కొని పక్కన పెట్టుకోండి. రెండు సంవత్సరాల వాతావరణం వేరు కాబట్టి పోలిక పూర్తిగా సమం కాదు. అయినా రంగు, వాసన ఏ దిక్కుగా కదిలాయో ఆ జంట గ్లాసులు చూపించినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చూపించదు.

గ్లాసు ముందు

వేడి ఎంతుందో కొలవండి, అంచనా వద్దు. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల దగ్గర తీసిన షార్డొనేలో పులుపు, చేదు తప్ప ఏమీ తెలియదు. 20–30 నిమిషాలు బయట ఉంచి 11 డిగ్రీలకు రానివ్వండి. అక్కడ మొదలుపెట్టి, గ్లాసులోనే 14 దాకా వెచ్చబడుతుండగా చూడండి. పాత వైన్ అసలు గుట్టు ఆ చివరి రెండు డిగ్రీల్లోనే బయటపడుతుంది. లేత వైన్ 14 దగ్గర కాస్త లావుగా, మందకొడిగా అనిపిస్తే, బాగా ముదిరినది అక్కడే విచ్చుకుంటుంది.

నోరు లోపలికి వంగిన గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోయండి, ప్రతిసారీ అంతే. గంట ముందు నుంచి కాఫీ, టూత్‌పేస్టు, సెంటు వద్దు. పక్కన ఖాళీ కప్పు పెట్టుకుని ఉమ్మేయండి. మింగుతూ పోతే మూడో గ్లాసుకే ముక్కు, నాలుక మొద్దుబారతాయి.

గ్లాసును తెల్ల కాగితం మీద వంచి, మధ్యభాగం కాదు, అంచు చూడండి. లేత షార్డొనే అంచు దాదాపు నీళ్లలా ఉండి, లోపల నిమ్మపసుపులో కొంచెం ఆకుపచ్చ తళుకు ఉంటుంది. మొదట పోయేది ఆ పచ్చదనమే. తర్వాత ఎండుగడ్డి రంగు, ఆపైన బంగారు రంగు. రెండేళ్లలోపే గోధుమ ఛాయ వస్తే అది సరైన ముదురు కాదు, గాలి తగిలిన గుర్తు.

ఇప్పుడు గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి, తర్వాత తిప్పి ఇంకోసారి. మొదటి నెలల్లో అరటి మిఠాయి, పియర్ వాసన రావచ్చు. పులియబెట్టేటప్పుడు పుట్టిన ఎస్టర్లనే సువాసన పదార్థాల వల్ల వచ్చేది అది. మొదటి ఏడాది రెండేళ్లలో ఈ ఎస్టర్లు వాటంతట అవే విడిపోతాయి, వేడికి ఇంకా తొందరగా. ఆ వాసన మీదే నిలబడిన వైన్ 12 నెలలకు బోసిపోతుంది. వెన్న వాసన వస్తే అది డయాసిటైల్. బ్యాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే క్రమంలో పుడుతుంది. ఆ మార్పు జరిగిన వైన్‌లో పులుపు పచ్చి ఆపిల్‌లా కొరకదు, పెరుగులా మెత్తగా ఉంటుంది. అడుగున చేరిన ఈస్ట్ మడ్డి మీద కొన్ని నెలలు నిలవ ఉన్న వైన్‌కు నాలుక మీద నిండుదనం, బ్రెడ్ వాసన వస్తాయి. చవక ధరలో ముందుకు సాగే సీసాలు ఎక్కువగా ఇలాంటివే.

పది మిల్లీలీటర్లు నోట్లోకి తీసుకుని, ఐదారు సెకండ్లు అన్ని వైపులా తిప్పి, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, ఉమ్మేసి, లెక్కపెట్టండి. పులుపు కాదు, రుచి ఎన్ని సెకండ్లు నిలిచిందో లెక్కించాలి. పులుపు ఒక్కటే మిగిలాక లెక్క ఆపేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పులుపుకు నోరూరుతున్నంతసేపూ లెక్కపెడుతూ పోయి, వట్టిపోయిన వైన్‌కు కూడా 15 సెకండ్లు వేసేస్తారు.

రాసేటప్పుడు పొగడ్తలు వద్దు, పోల్చగలిగేవి రాయండి. మచ్చుకు (అంకెలు పదికి):

0 నెలలు. నిమ్మపసుపు, పచ్చ తళుకు. పచ్చి ఆపిల్, అరటి మిఠాయి. పులుపు 7, నిండుదనం 4, చేదు 1. 6 సెకండ్లు.
12 నెలలు. ఎండుగడ్డి రంగు. అరటి లేదు. పండిన ఆపిల్, నిమ్మతొక్క, కొద్దిగా బ్రెడ్. పులుపు 7, నిండుదనం 5, చేదు 1. 9 సెకండ్లు.

పులుపు అంకె కదలకుండా సెకండ్లు పెరిగాయి. అలాంటి సీసాను ఇంకా ఉంచొచ్చు. పులుపు 7 నుంచి 9కి ఎక్కినట్టు అనిపిస్తే, నిజంగా ఆమ్లం పెరగలేదు. దాన్ని కప్పి ఉంచిన పండు పోయింది.

పళ్లెంతో పరీక్ష

భోజనానికి కొన్న వైన్‌ను తిండి లేకుండా తీర్పు చెప్పడం అన్యాయం. కానీ ప్రతిసారీ వేరే వంటకంతో తాగితే మారింది వైనో కూరో తెలియదు. అందుకే మార్పులేని పళ్లెం ఒకటి పెట్టుకోండి. బంగాళాదుంపలు ఉడికించి, 25 గ్రాముల ముక్కలు ఆరు చేయండి: ఒకటి చప్పగా, ఒకటి ఉప్పుతో, ఒకటి ఉప్పు-వెన్నతో, ఒకటి ఉప్పు-నిమ్మరసంతో, ఒకటి ఉప్పు వేసి వేయించిన పుట్టగొడుగుతో, చివరిది ఉప్పు-కారంతో. ఇదే వరస పాటించండి, కారం ముందుకొస్తే మిగతావన్నీ పాడవుతాయి. ముక్కకూ ముక్కకూ మధ్య నీళ్లు, రెండు నిమిషాల విరామం.

ఉప్పు వైన్ పులుపును తగ్గించి పండును ముందుకు తెస్తుంది. ఉప్పుతో కూడా పండు పైకి రాలేదంటే లోపల లేనట్టే. వెన్న ముక్క తర్వాత గుక్క నోటిని శుభ్రం చేయాలి. లేత వైన్ ఈ పని బాగా చేస్తుంది, కాస్త ముదిరినది వెన్నతో కలిసిపోతుంది, రెండూ మంచివే. పుట్టగొడుగులోని ఉమామి అనే కమ్మటి రుచి లేత వైన్‌ను గరుకుగా, చేదుగా చూపిస్తుంది. 18 నెలల తర్వాత హేజల్‌నట్, తేనెమైనం లాంటి వాసనలు వచ్చి చేరితే, అప్పటిదాకా పొసగని ఆ ముక్కే పళ్లెంలో అన్నిటికంటే బాగా కుదురుతుంది. ఈ మలుపు దొరికిన రోజు మొత్తం శ్రమకు ఫలితం దక్కుతుంది. కారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది. 13 శాతం దాటిన వైన్ ఇక్కడ గొంతులో మండుతుంది, వయసు దీన్ని మార్చదు.

అన్నిటికంటే నిక్కచ్చి పరీక్ష నిమ్మది. నాలుక నిమ్మ పులుపుకు అలవాటు పడగానే వైన్ పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది. అప్పుడు వైన్‌లో పులుపు కాకుండా ఇంకేముందో బయటపడుతుంది. లేత సీసాలో పండు కనిపించాలి, ముదిరిన దానిలో గింజలు, తేనె, బ్రెడ్. ఏమీ లేక నీళ్లలా అనిపిస్తే మిగతా సీసాలు దాచడం ఆపేయండి.

మర్నాటి గ్లాసు

తెరిచిన సీసాలో మూడోవంతు వదిలి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, 24 గంటలకు, 48 గంటలకు ఒక్కో గ్లాసు చూడండి. ఒక్కరోజులో లోపలికి చేరే గాలి, ఏళ్ల మీద నెమ్మదిగా జరిగే మార్పుకు నకలు కాదు. కానీ వైన్‌లో ఎంత ఓపిక మిగిలిందో చెబుతుంది. మర్నాడు ముందురోజు కంటే బాగుండి, రెండోరోజు కూడా తాజాగా ఉంటే తర్వాతి సీసాను ధైర్యంగా ఉంచొచ్చు. 24 గంటలకే దెబ్బతిన్న ఆపిల్ వాసన వస్తే మిగతావి మూడు నెలల్లో తాగేయండి.

వయసా, జబ్బా

తడి అట్టపెట్టె వాసన వచ్చి పండు మూగబోతే కార్కు ద్వారా వచ్చిన టీసీఏ అనే రసాయనం కావచ్చు. కుళ్లిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన అయితే గాలి చాలక పుట్టిన గంధకపు వాసన, మరమూత సీసాల్లో ఎక్కువ. రెండిటినీ విడదీయడానికి గ్లాసును 15 నిమిషాలు వదిలేయండి. గంధకం చాలాసార్లు ఎగిరిపోతుంది, టీసీఏ ఇంకా బలపడుతుంది. గోళ్లరంగు, వెనిగర్ ఘాటు వస్తే వోలటైల్ ఆమ్లత, అంటే ఆవిరయ్యే ఆమ్లాలు ఎక్కువవడం. ఉడికిన క్యాబేజీ వాసన, అదీ తెల్లగాజు సీసాలో అయితే, వెలుతురు తగిలింది. మెంతుల వాసన మాత్రం సొటోలోన్ అనే పదార్థం వల్ల. మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ ఇదే. గాలితో చెడిన తెల్ల వైన్‌లో ఇది పెరుగుతుంది. వీటిలో ఏది కనబడినా ఆ విడత అంకెలు కొట్టేసి కాపలా సీసా తెరవండి.

ఓక్ లేని మామూలు షార్డొనే చాలావరకు కోత నుంచి రెండు మూడేళ్లలోపే బాగుంటుంది. మంచి మాకోన్, షాబ్లీ ఐదేళ్ల దాకా సాగగలవు. వరసగా రెండు విడతల్లో సెకండ్లు తగ్గితే గడువు కోసం చూడకుండా మిగిలినవి తాగేయండి. అలసిన వైన్ ఉంటే వెన్న సాస్‌లోకో పుట్టగొడుగుల్లోకో పోసి సగానికి మరిగించండి, చక్కగా పనికొస్తుంది. టీసీఏ పట్టిన సీసాను మాత్రం వంటలో వాడొద్దు, ఆ అట్టపెట్టె వాసన గిన్నెలోనూ నిలిచే ప్రమాదం ఉంది.