బారెంట్స్ సముద్రం ఆరోగ్యం చదవడం నేర్చుకుందాం – పాఠం 4: నాలుగు గడుల్లో ముందు ఏది చూడాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో 2024 ఫిబ్రవరిలో పట్టిన కాడ్ చేప చెవి రాయిని (చేప తలలో ఏటా పొరలుగా పెరిగే చిన్న రాయి, ఆ పొరలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది) అడ్డంగా విరిచి, పైనుంచి లైటు వేసి చూస్తే ఐదు నల్ల పొరలు కనిపించాయి. ఐదోది సరిగ్గా అంచు మీద ఉంది. ఆ చేప ఏ ఏడాది పుట్టింది?

జవాబు 2019. మీకు 2020 వచ్చిందంటే అంచు మీది పొరను వదిలేశారన్నమాట. వేసవిలో పేరుకున్న పొర తెల్లగా, శీతాకాలంలో పేరుకున్నది నల్లగా కనిపిస్తుందని చెప్పుకున్నాం కదా. ఫిబ్రవరికి ఆ చలికాలం పొర ఇంకా ఏర్పడుతూనే ఉంటుంది కాబట్టి అంచులోనే ఉంటుంది. కాడ్ గుడ్లు పెట్టేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే అయినా లెక్కల కోసం చేపలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు చేస్తారు. అందుకే అంచు పొరనూ కలపాలి. ఒక్క ఏడాది తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇక ఈ పాఠం సంగతి. బారెంట్స్ సముద్రంలో కాడ్ పరిస్థితి మీద ఏటా ఒక సలహా పత్రం వస్తుంది. చాలా ఏళ్లు దాన్ని కోపెన్‌హాగెన్‌లో ఉన్న ఐసీఈఎస్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చేది. 1902లో పుట్టిన సంస్థ అది. ఉక్రెయిన్ యుద్ధం మొదలై, 2022 మార్చిలో అందులో రష్యా పాల్గొనడాన్ని ఆపేశాక, నార్వే, రష్యా శాస్త్రవేత్తలు కలిసి వేరుగా లెక్క కడుతున్నారు. యుద్ధం నడుస్తున్నా రెండు దేశాల ఉమ్మడి చేపల కమిషన్ ఏటా కోటా ఖరారు చేస్తూనే వచ్చింది. నాకైతే ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే.

ఐసీఈఎస్ పత్రం తెరిస్తే నాలుగు గడుల్లో నాలుగు గ్రాఫులుంటాయి. పై వరుసలో ఎడమ పక్క పట్టిన చేపల టన్నులు, కుడి పక్క ఆ ఏడాది కొత్తగా మందలో చేరిన చిన్న చేపల సంఖ్య. కింది వరుసలో ఎడమ పక్క వేట ఒత్తిడి, కుడి పక్క తల్లి చేపల మొత్తం బరువు. తల్లి చేపలంటే గుడ్లు పెట్టే వయసుకొచ్చినవన్నీ, మగవాటితో సహా.

కొత్తగా చూసేవాళ్ల కన్ను తిన్నగా మొదటి గడి మీదికి పోతుంది. ఎక్కువ పట్టారు, అంటే చేప బాగుంది. తక్కువ పట్టారు, అంటే బాగాలేదు అనుకుంటారు. ఈ అలవాటు మానిపించడమే ఇవాళ్టి పని.

మొదటి గడిలోని టన్నులు చాలావరకు కోటాను బట్టే ఉంటాయి. కోటా అంటే ఆ ఏడాది మొత్తం మీద ఇన్ని టన్నులకు మించి పట్టకూడదని పెట్టే హద్దు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు తప్ప టన్నుల లెక్కన హద్దు లేదు కాబట్టి, ఇది మనకు కొంచెం కొత్తగా ఉంటుంది. ఇప్పుడు బారెంట్స్ కాడ్ కోటాలు వరసగా చూడండి. 2020లో 7,38,000 టన్నులు. 2021లో 8,85,600. 2022లో 7,08,480. 2023లో 5,66,784. 2024లో 4,53,427. 2025లో 3,40,000.

ఫోన్ తీసి ఒక్కో అంకెను దాని ముందు దాంతో భాగించండి. 2021కి 1.20 వస్తుంది. తర్వాత మూడేళ్లూ సరిగ్గా 0.80. ఏ సముద్రంలోనైనా చేపలు ఇంత కొలిచినట్టు ఏటా 20 శాతం తగ్గుతాయా? తగ్గవు. అది చేపల లెక్క కాదు, మనుషులు పెట్టుకున్న నిబంధన. బోట్లవాళ్లు, ఫ్యాక్టరీలవాళ్లు ఒక్కసారిగా దెబ్బ తినకూడదని కోటాను ఒక ఏడాదిలో 20 శాతానికి మించి పెంచకూడదు, తగ్గించకూడదు అని రాసుకున్నారు. కాబట్టి వరసగా మూడేళ్లు 0.80 కనిపించిందంటే దానర్థం, అసలు లెక్క ప్రకారం తగ్గించాల్సింది అంతకంటే ఎక్కువని. ఇంకో సంగతి చూడండి. 2021లో కోటా పెరిగింది కదా, తల్లి చేపల బరువు మాత్రం 2013 నాటి శిఖరం నుంచి అప్పటికే ఏళ్ల తరబడి దిగుతోంది. మొదటి గడి ఒక్కటే చూసినవాడు ఆ ఏడాది పండగ చేసుకుని ఉంటాడు.

మొదటి గడికి ఇంకో జబ్బు కూడా ఉంది. అందులో కనిపించేది లెక్కకు దొరికిన వేట మాత్రమే. 2000 తర్వాత కొన్నేళ్లు ఈ సముద్రంలో దొంగచాటు వేట ఏడాదికి లక్ష టన్నుల దాకా ఉందని నార్వే అంచనా వేసింది. 2007లో యూరప్ రేవుల్లో సరుకు దింపేటప్పుడు కాగితాలు గట్టిగా తనిఖీ చేయడం మొదలయ్యాకే అది తగ్గింది.

అందుకే చదవడం కింది వరుసలో కుడి పక్క గడి నుంచి మొదలుపెట్టండి, అంటే తల్లి చేపల బరువు. దానిలో రెండు అడ్డగీతలు ఉంటాయి. బారెంట్స్ కాడ్‌కు పై గీత 4,60,000 టన్నులు, కింది గీత 2,20,000 టన్నులు. కింది గీత దాటి దిగితే పిల్లల పుట్టుకే దెబ్బతినే ప్రమాదం ఉంది. పై గీత ముందు జాగ్రత్త కోసం పెట్టింది. మంద పై గీత కిందికి జారితే రెండు జరుగుతాయి: వేట ఒత్తిడిని బరువు తగ్గినంత మేరా తగ్గించాలి, 20 శాతం బ్రేకు కూడా పనిచేయదు. 2025 కోటాను మళ్లీ భాగించి చూడండి. 0.75 వస్తుంది. బ్రేకు తీసేశారని అంకెలోనే తెలిసిపోతోంది. శాస్త్రవేత్తలు అడిగింది ఇంకా తక్కువ, సుమారు 3,11,600 టన్నులు. 2013లో పది లక్షల టన్నుల కోటా ఇచ్చిన సముద్రం ఇది.

ఈ గడిలో ఒక జాగ్రత్త. గీత చుట్టూ లేత రంగు పట్టీ ఉంటుంది, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చూపించేది. కుడి చివరికొచ్చేకొద్దీ ఆ పట్టీ వెడల్పవుతుంది. చివరి ఒకటి రెండు ఏళ్ల చుక్కలు వచ్చే ఏడాది పత్రంలో జరిగిపోవడం మామూలే. చివరి చుక్క మీద పందెం కాయకండి. ఐదారేళ్ల వాలు ఎటుందో చూడండి.

తర్వాత పై వరుసలో కుడి పక్కకు రండి, కొత్త చేరిక. బారెంట్స్ కాడ్‌ను మూడేళ్ల వయసులో మందలో చేరినట్టు లెక్కేస్తారు. అది దాదాపు ఏడేళ్లకు గుడ్లు పెట్టే వయసుకొస్తుంది. బళ్లో మూడో క్లాసు ఖాళీగా ఉంటే నాలుగేళ్ల తర్వాత ఏడో క్లాసు కూడా ఖాళీయే కదా, అంతే లెక్క. అంటే ఈ గడి మీకు నాలుగేళ్లు ముందుగా కబురు చెబుతుంది. 2004, 2005లో పుట్టిన పిల్లలు బాగా బతికాయి. వాటిని 2007, 2008 కడ్డీల దగ్గర వెతకండి. పుట్టిన ఏడాదికి ఏడేళ్లు కలిపితే 2011, 2012. తల్లి చేపల బరువు శిఖరానికి చేరింది 2013లో. లెక్క కుదిరింది.

చెవి రాయి గోల ఇక్కడికొస్తుంది. 2005లో పుట్టిన చేపల్లో కొన్నిటిని అంచు పొర వదిలేసి 2006 ఖాతాలో రాశామనుకోండి. బలమైన ఏడాది కొంచెం చిక్కిపోతుంది, పక్కన బలహీనమైన ఏడాది కాస్త ఒళ్లు చేస్తుంది. రెండూ మామూలుగా కనిపిస్తాయి. నార్వేలోని బెర్గెన్, రష్యాలోని ముర్మాన్‌స్క్ ల్యాబులవాళ్లు చెవి రాళ్లు మార్చుకుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకునేది ఇందుకే.

మూడోది వేట ఒత్తిడి. దీని దగ్గరే చాలామందికి టెన్షన్. 0.40 అని ఉంటే నూటికి నలభై పట్టారని కాదు. చేత్తో చేసి చూద్దాం. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే e మీట కనిపిస్తుంది. వేట ఒత్తిడి 0.40. వేటతో పని లేకుండా జరిగే చావులకు మామూలుగా 0.20 వేస్తారు. రెండూ కలిపి 0.60. e మీద మైనస్ 0.60 ఘాతం వేస్తే 0.549. అంటే ఏడాది మొదట్లో 1000 చేపలుంటే చివరికి 549 మిగులుతాయి. పోయినవి 451. అందులో 0.40 వంతు వేటది, 0.20 వంతు మిగతా చావులది కాబట్టి, మూడింట రెండు వంతులు, అంటే 301 చేపలు వలల్లో పోయాయి. కాబట్టి 0.40 అంటే దాదాపు నూటికి ముప్పై. ఈ గడిలో అడ్డగీతలు 0.40, 0.74. 1990ల చివర్లో ఒత్తిడి ఆ రెండో గీతను కూడా దాటింది.

మొదటి గడిని చివర్లో చూడండి. అప్పటికి దానితో మీకు పెద్దగా పని ఉండదు.

అయితే నాలుగు గడులూ చదివేసినా సముద్రం చదివినట్టు కాదు. కాడ్ ఏం తింటుందో, అదే తిండి మీద ఇంకెవరు బతుకుతున్నారో ఈ పత్రంలో కనిపించదు. ఇక్కడ ప్రధాన తిండి కాపెలిన్. జానెడు లోపు పొడవుండే, మూడు నాలుగేళ్లు బతికి, గుడ్లు పెట్టగానే చాలావరకు చచ్చిపోయే చేప అది. 1980ల మధ్యలో కాపెలిన్ కుప్పకూలింది. ఎడాపెడా పట్టడం ఒక కారణం. 1983లో పుట్టిన హెర్రింగ్ అనే ఇంకో చేప పిల్లలు విపరీతంగా బతికి కాపెలిన్ లార్వాలను మేసేయడం ఇంకో కారణం. తర్వాత జరిగింది చూడండి. కాడ్ ఎదుగుదల మందగించి, తన పిల్లలనే తినడం పెరిగింది. ఆకలితో హార్ప్ సీళ్లు నార్వే తీరానికి వచ్చిపడి వేలకొద్దీ వలల్లో చిక్కి చచ్చాయి. ఈ సముద్రంలోని బేర్ ఐలాండ్ అనే దీవి కొండ చరియల మీద గూళ్లు కట్టే గిల్లెమాట్ పక్షులు 1986, 1987ల మధ్య ఒక్క ఏడాదిలో 80 శాతానికి పైగా తగ్గిపోయాయి. కాపెలిన్ వేట కొన్నేళ్లు ఆపేశారు.

కాపెలిన్ 1990లలో మళ్లీ కూలింది, 2003 ప్రాంతంలో ఇంకోసారి కూలింది. ఈ రెండుసార్లూ పక్షులకు, సీళ్లకు అంత దెబ్బ తగల్లేదు. హెర్రింగ్ పిల్లలు, పోలార్ కాడ్, రొయ్యల్లాంటి చిన్న జీవులైన క్రిల్ లాంటి వేరే తిండి అప్పుడు దొరికింది. కాబట్టి ఒక చేప తగ్గిందని చదివినప్పుడల్లా, దానికి బదులు ఏముందని వెంటనే అడగండి. ఇప్పుడు కాపెలిన్ కోటా వేసేటప్పుడు ముందు కాడ్ తినబోయేది తీసేసి, ఆ తర్వాత కనీసం 2,00,000 టన్నుల కాపెలిన్ గుడ్లు పెట్టడానికి మిగిలే అవకాశం 95 శాతం ఉండేలా చూస్తారు. అంత మిగలదనుకుంటే కోటా సున్నా. ఈ సముద్రానికున్న నిబంధనల్లో నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే మనిషి వాటా కంటే ముందు చేప వాటా లెక్కలోకొస్తుంది.

ఇంటిపని. వేట ఒత్తిడి 0.74 అయితే 1000 చేపల్లో ఎన్ని మిగులుతాయి, అందులో వలల్లో పోయినవి ఎన్ని? లెక్క పూర్తిగా రాసి చేయండి, జవాబు ఒక్కటే చాలదు. రెండోది: 2019లో పుట్టిన కాడ్ కొత్త చేరిక గడిలో ఏ ఏడాది కడ్డీలో కనిపిస్తుంది, తల్లి చేపల గడిలోకి ఎప్పుడొస్తుంది? మూడోది కాస్త ఆలోచించాల్సింది. కొత్త చేరిక నాలుగేళ్లుగా పడిపోతోంది, తల్లి చేపల బరువు మాత్రం ఇంకా పై గీతకు పైనే ఉంది. మీరు కమిషన్‌లో ఉంటే కోటాను ఏం చేస్తారు, బోట్లవాళ్లకు ఏమని చెబుతారు? పది వాక్యాల్లో రాయండి.

పాఠం 5లో, వల వేయకుండానే ఓడ కింద కాపెలిన్ ఎంతుందో శబ్దంతో ఎలా తూస్తారో చూద్దాం. దానికి లాగరిథమ్ కావాలి, కాలిక్యులేటర్‌లో లాగ్ మీట ఎక్కడుందో చూసి పెట్టుకోండి.