అతికించినట్టు కనిపిస్తున్న ఫొటో: అంచుల జోలికి వెళ్లే ముందు నలుపు చూడండి

సమస్య ఇది. చెన్నై మెరీనా బీచ్‌లోని లైట్‌హౌస్ పక్కన దానంత ఎత్తున తాతయ్యను నిలబెట్టారు. లేదా కాఫీ డబరాలో మేనల్లుడి చేత పడవ నడిపించారు. ఆలోచన బాగుంది, కటింగ్ శుభ్రంగా వచ్చింది. అయినా ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే ఎవరో ఒకరు "అతికించావు కదా" అనేశారు. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పమంటే వాళ్లకీ తెలియదు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పని ఒకటే. అంచులు పట్టుకుని కూర్చుంటారు. ఫెదర్ (అంచును మెత్తబరిచే సెట్టింగ్) పెంచుతారు, బ్లర్ బ్రష్‌తో చుట్టూ రుద్దుతారు, చివరికి తాతయ్య జుట్టు పొగలా తయారవుతుంది. ఇలాంటి ఫొటోలు సరిచేసి పెట్టమని మా చెన్నైలో తెలిసినవాళ్లు పంపుతూనే ఉంటారు. వాటిలో నిజంగా అంచు పాడైనవి తక్కువ. చూడాల్సిన రెండు విషయాలు చూడకుండా వదిలేసినవే ఎక్కువ.

లేయర్లు, మాస్కులు, బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఫొటోషాప్, గింప్, ఫొటోపీ, ఏది వాడినా పద్ధతి ఒకటే.

ముందు ఎండ ఎటు నుంచి పడుతోందో చూడండి

ఇది అందరికీ తెలిసిందే, అందరూ దాటేసేదీ ఇదే. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదైనా స్తంభం నీడ చూడండి, తర్వాత మీ మనిషి ముక్కు నీడ చూడండి. రెండూ ఒకే వైపు పడాలి.

మెరీనా ఫొటోల్లో ఇది మరీ ఎక్కువగా తప్పుతుంది. అక్కడ సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, ఊరి వైపు మునుగుతాడు. కాబట్టి సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ మనిషికి పొద్దున వెలుగు వెనక నుంచి వస్తుంది, సాయంత్రం నేరుగా ముఖం మీద పడుతుంది. పొద్దున తీసిన మనిషిని సాయంత్రం తీసిన సముద్రం ముందు పెడితే ఎంత బాగా కత్తిరించినా కుదరదు. మెరీనా నీళ్లలో సూర్యాస్తమయం పెట్టారంటే ఇక చెప్పనక్కర్లేదు, ఈ ఊళ్లో చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

వెలుగు పక్క నుంచి పడి, దిక్కు మాత్రమే తారుమారైతే మనిషిని అడ్డంగా ఫ్లిప్ చేయండి. చేశాక చొక్కా మీద అక్షరాలు తిరగబడ్డాయేమో, పైట కుడి భుజం మీదికి వచ్చిందేమో చూడండి. మన ఇళ్లలో పైట మారితే ఫొటో చూసిన మొదటి అత్తయ్యే అడుగుతుంది. ముందు వెలుగు, వెనక వెలుగు తారుమారైతే మాత్రం ఫ్లిప్‌తో పని జరగదు. మనిషిని బాల్కనీలో సరైన వైపు నిలబెట్టి మళ్లీ తీయండి. గంటలసేపు ఎడిట్ చేయడం కంటే అది తేలిక.

కాళ్ల కింద నీడ కూడా ఇందులో భాగమే. పాదం నేలను తాకేచోట సన్నటి ముదురు గీత ఒకటి, అక్కడి నుంచి చాచుకునే మెత్తటి నీడ ఒకటి, రెండిటినీ వేరువేరు లేయర్లలో మల్టిప్లై మోడ్‌లో (కింది లేయర్‌ను ముదురు చేసే మోడ్) వేయండి. రంగు కోసం నలుపు ఎంచుకోకండి, బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న నీడ మీదే ఐడ్రాపర్ (ఫొటోలోంచి రంగు చదివే టూల్) పెట్టి తీసుకోండి. పొడవు కాలాన్ని బట్టి మారుతుంది. ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు మూడో వారంలోనూ చెన్నైలో, బెంగళూరులో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందే ఉంటుంది. డిసెంబర్ మూడో వారంలో అదే మధ్యాహ్నం నీడ మనిషి ఎత్తులో ముప్పావు వంతు దాకా ఉత్తరం వైపు సాగుతుంది.

అన్నీ కుదిరినా అతికినట్టే ఉంటే: నలుపు తేడా

చేతికి దొరక్కుండా అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. వెలుగు దిక్కు సరిగ్గా ఉంది, నీడ ఉంది, రంగు కలిసింది, అంచు బాగుంది. అయినా మనిషి స్టిక్కర్‌లా పైకి తేలుతుంటాడు.

కారణం గాలి. సముద్రపు తేమ, దుమ్ము కలిసిన గాలి వెలుగును చెదరగొడుతుంది. దూరం పెరిగేకొద్దీ మనకూ ఆ వస్తువుకూ మధ్య అలా చెదిరిన వెలుగు ఒక పొరలా చేరుతుంది. దానివల్ల దూరంగా ఉన్న వస్తువులో అసలు నలుపు అనేదే మిగలదు, బూడిదరంగుకి మారిపోతుంది. ఫొటోలో ప్రతి చుక్క వెలుగునూ 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) వరకు కొలుస్తారు. ఇంట్లో దగ్గర్నుంచి తీసిన తాతయ్య కళ్లజోడు ఫ్రేములో నలుపు 5, 10 దగ్గర ఉంటుంది. మబ్బుగా ఉన్న రోజు దూరం నుంచి తీసిన లైట్‌హౌస్ కిటికీలో అత్యంత చీకటి చోట కూడా అది 50 దాకా ఉండొచ్చు. చిక్కటి నలుపు చూడగానే మన కన్ను అది దగ్గర్లో ఉందని లెక్కేస్తుంది. అందుకే లైట్‌హౌస్ పక్కన నిలబడాల్సిన తాతయ్య మన ముక్కు ముందు ఉన్నట్టు అనిపిస్తాడు. దాన్నే చూసినవాళ్లు 'అతికించావు' అంటారు.

ఇది అంత సులువుగా దొరకదు, ఎందుకంటే రంగులు దీన్ని దాచేస్తాయి. పట్టుకోవడానికి అన్నిటికంటే పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ తాత్కాలికంగా పెట్టండి, లేదా శాచురేషన్ స్లైడర్‌ను ఎడమ చివరిదాకా లాగి రంగు పూర్తిగా తీసేయండి. దాని పైన కర్వ్స్ (వెలుగునూ చీకటినీ ఒక గీతతో సర్దే లేయర్) ఒకటి పెట్టి చీకటి భాగాన్ని బాగా పైకి లేపండి, ఫొటో చెడిపోయినట్టు కనిపించేంత గట్టిగా. చీకటి తేడాలన్నీ అప్పుడు బయటపడతాయి. మనిషి ఒక్కడే నల్లటి మచ్చలా మిగిలాడంటే జబ్బు దొరికినట్టే. చూశాక ఆ రెండు లేయర్లనూ ఆపేయండి.

ఇక కొలత. బ్యాక్‌గ్రౌండ్‌లో, మీ మనిషి ఎంత దూరంలో ఉండాలో అంతే దూరంలో ఉన్న వస్తువు మీద ఐడ్రాపర్ పెట్టి, అత్యంత చీకటి చోట విలువ చదవండి. 'అంతే దూరంలో' అన్న మాట దయచేసి వదిలేయకండి. ముందు ఇసుకలో ఉన్న పడవలో నిజమైన నలుపు ఉంటుంది, వెనక లైట్‌హౌస్‌లో ఉండదు. పడవ చూసి లెక్క కడితే మళ్లీ మొదటికే వస్తారు.

పరిష్కారం చిన్నదే. మనిషి లేయర్‌కి మాత్రమే అంటేలా లెవెల్స్ (నలుపు, తెలుపు హద్దులు సర్దే లేయర్) పెట్టండి. అందులో కింద ఉండే అవుట్‌పుట్ పట్టీలో నల్ల ముల్లును (జరిపే చిన్న త్రికోణాన్ని) 0 నుంచి మీరు చదివిన విలువ దగ్గరికి జరపండి. కర్వ్స్ అలవాటున్నవాళ్లు ఎడమ కింది మూలలో ఉన్న చుక్కను నిలువుగా పైకి లాగితే అదే పని అవుతుంది. తర్వాత నీలం చానల్‌కి వెళ్లి పగటి ఫొటో అయితే ఆ చుక్కను ఇంకొంచెం పైకి, సాయంత్రం ఫొటో అయితే ఎరుపు చానల్‌లో కొంచెం పైకి జరపండి, గాలి పొర రంగు కూడా కలుస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో తెలుపు 225 దగ్గరే ఆగిపోయి ఉంటే తాతయ్య పంచె 250లో మెరవకూడదు. తెల్ల ముల్లును కూడా అంతకు దించండి.

బ్రైట్‌నెస్ స్లైడర్‌తో ఈ పని చేయకండి, ముఖం కూడా తెల్లబారుతుంది. ఒపాసిటీ తగ్గించడం అంతకంటే తప్పు, తాతయ్య లోంచి వెనక ఉన్న గోడ కనిపిస్తుంది. ఫోన్‌లో చేసేవాళ్లకు నా సలహా: మనిషిని కత్తిరించకముందే ఆ ఫొటోను స్నాప్‌సీడ్ కర్వ్స్‌లో పెట్టి ఎడమ చుక్క లేపేయండి, ఆ తర్వాత కత్తిరించండి.

ఆట తిరగబడినప్పుడు వైద్యమూ తిరగబడుతుంది. లైట్‌హౌస్‌నే బొమ్మలా చిన్నది చేసి పాప అరచేతిలో పెట్టాలనుకోండి. ఇప్పుడు చెయ్యి దగ్గర్లో ఉంది, లైట్‌హౌస్ మాత్రం తన గాలి పొరను వెంట తెచ్చుకుంది. లెవెల్స్‌లో ఈసారి పైన ఉన్న ఇన్‌పుట్ నల్ల ముల్లును కుడికి జరిపి నలుపు చిక్కబరచండి. ఎరుపు తెలుపు పట్టీలు ఒక్కసారిగా ప్లాస్టిక్ బొమ్మలా తేటపడతాయి. నాకు ఈ ఎడిటింగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. ఒకే ముల్లుతో వస్తువును కిలోమీటరు దూరం పంపొచ్చు, అరచేతిలోకీ తెచ్చుకోవచ్చు. ఇది చేతికి వచ్చాక కొత్త ఆలోచనలు వాటంతటవే పుడతాయి.

ఫిల్టర్లు, షార్పెన్ లాంటివి ఇదంతా అయ్యాకే వేయండి. ముందే వేస్తే నలుపు కొలత తప్పుతుంది.

మిగతావి

జుట్టు చుట్టూ తెల్ల గీత ఉంటే అది నిజంగా అంచు సమస్యే. మాస్క్‌ను ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి కుదించండి. రాత్రి తీసిన బ్యాక్‌గ్రౌండ్‌లో చుక్కచుక్కల గరుకు ఉండి మనిషి నున్నగా ఉంటే, మనిషి లేయర్‌కి కొంచెం నాయిస్ కలపండి. కటౌట్ చుట్టూ నల్ల డబ్బానో తెల్ల డబ్బానో వచ్చిందంటే జేపీజీలో సేవ్ చేశారని అర్థం. అందులో పారదర్శకత నిలవదు, పీఎన్‌జీలో చేయండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో మసకబారితే డాక్యుమెంట్‌గా పంపండి. రాత్రి చేసిన ఫొటో పొద్దున చూస్తే రంగు తేడాగా ఉందంటే ఎడిట్ చేసేటప్పుడు ఫోన్‌లో స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆన్‌లో ఉండి ఉంటుంది.

కలర్ ప్రొఫైల్ (ఫొటోలో రంగులను ఎలా చూపాలో స్క్రీన్‌కి చెప్పే సెట్టింగ్) గురించి టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. ఎక్స్‌పోర్ట్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి, అంతకుమించి ఈ ఆటకు అక్కర్లేదు. స్క్రీన్ కాలిబ్రేషన్, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ల దాకా వెళ్లకండి.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే బ్యాక్‌గ్రౌండ్ మార్చండి. మిట్టమధ్యాహ్నపు గట్టి ఎండలో తీసిన బీచ్, ట్యూబ్‌లైట్ కింద తీసిన మనిషి ఎంత చేసినా సరిగ్గా కలవవు. మబ్బు పట్టిన రోజు బయటికి వెళ్లి ఖాళీ బ్యాక్‌గ్రౌండ్లు నాలుగైదు తీసి దాచుకోండి, మనుషుల్ని నీడపట్టున కిటికీ దగ్గర తీయండి. ఆ రెండూ తేలిగ్గా కలుస్తాయి.