బర్నర్‌కు వెళ్లే ఫర్నేస్ ఆయిల్ వేడిని కచ్చితంగా నిలపడం ఎలా?

ఫర్నేస్ ఆయిల్ చల్లగా వస్తే నాజిల్ దాన్ని సన్నని తుంపరగా చీల్చలేదు. పెద్ద బొట్లు పూర్తిగా కాలక మసి, పొగ, నిప్పురవ్వలు వస్తాయి. మరీ వేడెక్కితే హీటర్‌లో కోక్ (మాడిన ఆయిల్ గట్టి పొర) పేరుకుంటుంది, లైన్‌లో ఆవిరి బుడగలు పుట్టి మంట నిలకడ తప్పుతుంది.

1. ముందు చిక్కదనం చూడండి, ఆ తర్వాతే డిగ్రీలు. నాజిల్ దగ్గర ఎంత చిక్కదనం కావాలో బర్నర్ మాన్యువల్‌లో ఉంటుంది. ప్రెజర్ జెట్ రకాలకు (ఒత్తిడితోనే ఆయిల్‌ను తుంపర చేసేవి) సాధారణంగా 12–20 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం). 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర 180 సెంటీస్టోక్స్ ఉన్న ఆయిల్‌ను 15కు దించాలంటే సుమారు 110–115 డిగ్రీలు కావాలి. అదే 380 ఉంటే 125–130. అందుకే పాత లోడుకు పెట్టిన సెట్టింగ్‌నే కొత్తదానికి ఉంచేయడం తప్పు. ప్రతి లోడుకూ టెస్ట్ రిపోర్ట్ అడిగి తీసుకోండి.

2. ట్యాంకులో పంపు లాగగలిగేంత వేడి చాలు, మామూలుగా 40–50 డిగ్రీలు. ఫ్లాష్ పాయింట్‌కు (ఆయిల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ వేడి) కనీసం 10 డిగ్రీలు తక్కువే ఉండాలి. అడుగున చేరిన నీటిని తీసేయండి. మిగతా వేడి ప్రీహీటర్‌లో (బర్నర్‌కు ముందుండే హీటర్), ఒత్తిడి కింద ఇవ్వాలి.

3. సెన్సర్ ఎక్కడ పెట్టారన్నదే అసలు విషయం. హీటర్ నుంచి ఆయిల్ బయటికి వచ్చే చోట, ప్రవాహం మధ్యలో దాని కొన ఉండాలి. ఎలిమెంట్‌కు (హీటర్‌లో వేడెక్కే భాగం) ఆనుకుంటే ఎక్కువ చూపిస్తుంది. ఆయిల్ కదలని మూలలో ఉంటే మార్పును ఆలస్యంగా పసిగడుతుంది. నాజిల్ దగ్గర మరో థర్మామీటర్ పెట్టండి. రెండింటి తేడా పెరిగితే ఇన్సులేషన్, ట్రేసింగ్ (పైపు వెంట దాన్ని వేడిగా ఉంచే ఏర్పాటు) చూడాలి.

4. ఆన్-ఆఫ్ థర్మోస్టాట్‌తో వేడి పైకీ కిందికీ ఊగుతుంది. పీఐడీ కంట్రోలర్ (తేడాను బట్టి వేడిని కొద్దికొద్దిగా సర్దేది) వాడండి; కరెంటు హీటరైతే దానికి థైరిస్టర్ (కరెంటును కొద్దికొద్దిగా మార్చే స్విచ్), స్టీమ్ హీటరైతే మాడ్యులేటింగ్ వాల్వ్ (కొద్దికొద్దిగా తెరుచుకునేది) జతచేయండి. కంట్రోలర్ ట్యూనింగ్ బర్నర్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, మామూలు లోడు మీద నడుస్తుండగా చేయాలి. తర్వాత తక్కువ, ఎక్కువ లోడులలోనూ పరీక్షించండి. ఎలిమెంట్ ఉపరితల లోడు చదరపు సెంటీమీటరుకు 1–1.5 వాట్లకు మించకపోతే కోక్ తగ్గుతుంది.

5. వెలిగించే ముందు ఆయిల్‌ను నాజిల్ దాకా తిప్పి వెనక్కి పంపండి. వేడి చాలకపోతే బర్నర్ వెలగకుండా ఇంటర్‌లాక్ ఉండాలి. హై లిమిట్‌కు (వేడి హద్దు దాటితే హీటర్‌ను ఆపే స్విచ్) సొంత సెన్సర్, చేత్తో రీసెట్ చేసే ఏర్పాటు కావాలి. ప్రవాహం ఆగితే హీటర్ కూడా ఆగాలి. ఈ మూడింటినీ ఎవరైనా బైపాస్ చేస్తే ఒప్పుకోవద్దు.

6. చివరి సర్దుబాటు 2–3 డిగ్రీల చొప్పున చేయండి. ప్రతిసారీ ఆయిల్ వేడి స్థిరపడ్డాక పొగ గొట్టంలో కార్బన్ మోనాక్సైడ్, మసి కొలిచి, అవి తక్కువగా ఉండి మంట నిలకడగా ఉన్న చోట సెట్టింగ్ ఆపండి.